ఎల్డెన్ రింగ్‌కు కష్టం లోపం కాదు, విస్తీర్ణమే లోపం

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఒక తెలుగు దినపత్రిక సినిమాకు ఇచ్చినంత చోటు ఒక గేమ్‌కు ఇచ్చి, దాన్ని పిల్లల కాలక్షేపంగా కొట్టిపారేయకుండా ఒక సృజనగా పరిశీలించినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసకర్త ఈ గేమ్ బలమంతా దాని విస్తీర్ణంలో ఉందనీ, బలహీనతంతా అది పెట్టే కష్టంలో ఉందనీ తేల్చారు. ఈ గేమ్‌ను రెండుసార్లు మొదటి నుంచి చివరిదాకా ఆడిన నాకు కలిగిన అభిప్రాయం సరిగ్గా దీనికి తలకిందులు. కష్టాన్ని ఈ గేమ్ ఎంతో తెలివిగా పరిష్కరించింది. ఈ గేమ్‌ను దెబ్బతీసింది దాని విస్తీర్ణమే. ఆ సంగతి వివరంగా రాయాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ఆ వ్యాసం చదవని వారి కోసం నాలుగు మాటలు. టోక్యోలోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ తయారుచేసిన ఈ గేమ్ 2022 ఫిబ్రవరి 25న విడుదలైంది. దర్శకుడు హిదెతకా మియజాకి. ఆట మొదలవడానికి ఎన్నో యుగాల ముందు జరిగిన పురాగాథను అమెరికన్ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ సమకూర్చారు. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ పురస్కారం దీనికే దక్కింది. ఏడాది తిరిగేసరికి 2 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. 2009లో డీమన్స్ సోల్స్‌తో, 2011లో డార్క్ సోల్స్‌తో ఇదే సంస్థ కఠినమైన గేములకు పేరు తెచ్చుకుంది. కనుక ఎల్డెన్ రింగ్ కష్టంగా ఉంటుందన్నది కొత్త విషయం కాదు. ఆ కష్టాన్ని ఒక విశాలమైన మైదానంలో పెడితే ఏమవుతుందన్నదే ఇందులోని కొత్తదనం.

పాత గేముల్లో దారి ఇరుకుగా ఉండేది. ఒక శత్రువు దగ్గర ఆగిపోతే, అతన్ని గెలిచేదాకా అక్కడే తల బాదుకోవాలి. ఎల్డెన్ రింగ్‌లో మొదటి గుహ తలుపు తెరుచుకుని లిమ్‌గ్రేవ్ అనే పచ్చిక ప్రాంతంలోకి అడుగుపెట్టగానే, బంగారు కవచం తొడిగిన ఒక ఆశ్వికుడు ఎదుట తిరుగుతూ కనిపిస్తాడు. ట్రీ సెంటినెల్ అని అతని పేరు. అప్పుడే ఆట మొదలుపెట్టినవాడు అతనితో తలపడితే ఒకటి రెండు దెబ్బల్లో నేలకొరుగుతాడు. చాలామంది దీన్ని క్రూరత్వం అనుకుంటారు. కానీ ఆ ఆశ్వికుడి చుట్టూ ఎటు చూసినా ఖాళీ నేలే ఉంటుంది. పక్క నుంచి తప్పుకుని వెళ్లిపోవచ్చు. ఎదురుపడిన ప్రతివాడితోనూ అప్పటికప్పుడు పోరాడనక్కరలేదని, తప్పుకుపోవడం ఓటమి కాదని, ఒక్క మాట కూడా ఆడకుండా ఆ దృశ్యం నేర్పుతుంది.

నాకు ఈ పాఠం ఆలస్యంగా బోధపడింది. స్టార్మ్‌వీల్ కోటకు ముందు వంతెన మీద కాపు కాసే మార్గిట్ చేతిలో నేను వరుసగా మూడు సాయంత్రాలు ఓడిపోయాను. నాలుగో రోజు గుర్రాన్ని దక్షిణానికి తిప్పి, ఎప్పుడూ వాన కురిసే వీపింగ్ పెనిన్సులా అనే ద్వీపకల్పానికి వెళ్లిపోయాను. అక్కడి చర్చి శిథిలాల్లో మందు బుడ్ల శక్తిని పెంచే కన్నీటి చుక్కలు దొరికాయి. గనుల్లో కత్తికి పదును పెట్టే రాళ్లు దొరికాయి. చిన్నచిన్న పోరాటాల్లో చేయి తిరిగింది. తిరిగి వచ్చి, తోడేళ్ల ఆత్మలను తోడు పిలుచుకుని రెండో ప్రయత్నంలోనే మార్గిట్‌ను ఓడించాను. ఆ విజయం నాదేనని, ఆట నా మీద జాలిపడి ఇచ్చింది కాదని నాకు తెలుసు. ఈ గేమ్‌లో కష్టం తగ్గించే మీట లేకపోవడం లోపమని వ్యాసకర్త రాశారు. మీట ఉంది, కాకపోతే అది మెనూలో లేదు. భూమి మీద పరిచి ఉంది. కోట ద్వారం దగ్గరి కాపలాదారు, ముఖద్వారం వద్దు, పక్క దారిన వెళ్లమని సలహా ఇస్తాడు. అంతకన్నా ఓపిక లేనివాడు కొండ అంచున ఉన్న బాట పట్టి, కోటనే దాటేసి అవతలి లియూర్నియా సరస్సు ప్రాంతానికి చేరిపోవచ్చు.

ఈ గేమ్ రెండో గొప్పదనం, కంటికి పని చెప్పడం. ఈ తరహా గేములు చాలావాటిలో మ్యాప్ తెరిస్తే వందల గుర్తులు కనిపిస్తాయి. ఆడేవాడు లోకాన్ని చూడడం మానేసి, మూలనున్న మ్యాప్‌లోని చుక్కను చూస్తూ నడుస్తాడు. ఇక్కడ మొదట్లో మ్యాప్ దాదాపు ఖాళీ. దారి పక్కన నిలబెట్టిన శిలాఫలకం దగ్గరికి వెళ్తేనే ఆ ప్రాంతపు పటం ముక్క చేతికొస్తుంది. విశ్రాంతి తీసుకునే చోట్ల నుంచి ఒక సన్నని బంగారు కాంతిరేఖ ముఖ్యమైన దిక్కును సూచిస్తుంది, అంతే. మిగిలినదంతా తల ఎత్తి చూసి తెలుసుకోవలసిందే. దూరాన ఎర్డ్‌ట్రీ అనే మహావృక్షం ఎక్కడ నిలబడినా కనిపిస్తూ దిక్కు చెబుతుంది.

ఇందులో నన్ను కదిలించిన ఘట్టం ఒకటి చెప్పక తప్పదు. లిమ్‌గ్రేవ్ తూర్పున పొగమంచు అడవిలో ఒక పాడుబడిన కట్టడం ఉంది. లోపల ఒక రాతి లిఫ్ట్. దాని మీద నిలబడితే అది దిగుతుంది, దిగుతూనే ఉంటుంది. ఏదో చిన్న నేలమాళిగ ఉంటుందనుకున్నవాడికి ఇంతసేపా అన్న అనుమానం మొదలవుతుంది. చివరికి గోడలు తొలగిపోయి, భూగర్భంలో సియోఫ్రా అనే నది, దాని ఒడ్డున శిథిలమైన స్తంభాలు, పైన నక్షత్రాలు మెరిసే ఆకాశం కనిపిస్తాయి. భూమి కింద ఆకాశం. అప్పటిదాకా చూసిన లోకానికి కింద మరో లోకం ఉందని ఎవరూ ముందుగా చెప్పరు. పాతాళలోకపు కథలు వింటూ పెరిగిన మనవాళ్లకు ఆ క్షణం మరింత దగ్గరగా తోస్తుందని నా నమ్మకం. విస్తీర్ణం బలమైనదని వ్యాసకర్త అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది బహుశా ఇలాంటి ఘట్టమే అయి ఉంటుంది. కానీ ఇక్కడ ఆశ్చర్యపరిచింది ఎన్ని మైళ్ల నేల ఉందన్నది కాదు, ఆ నేలను ఎలా దాచి ఎప్పుడు చూపించారన్నది.

కథ చెప్పే పద్ధతిని మీ వ్యాసం రెండు వాక్యాల్లో 'అస్పష్టం' అని ముగించింది. నేను చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ని. విరిగిన శాసనం మీద మిగిలిన నాలుగు పంక్తుల నుంచి ఒక రాజవంశపు సంగతులు కూర్చుకోవడం మాకు అలవాటైన పని. ఎల్డెన్ రింగ్ సరిగ్గా ఆ పనే ఆడేవాడి చేత చేయిస్తుంది. కత్తికీ, కవచానికీ, ఉంగరానికీ వెనుక నాలుగేసి వాక్యాల వివరణలు ఉంటాయి. కేలిడ్ అనే కుళ్లిపోయిన ఎర్రటి నేలలో రడాన్ అనే మహాకాయుడైన సేనాని ఎదురవుతాడు. అంత పెద్ద మనిషి ఒక బక్కచిక్కిన చిన్న గుర్రం మీద కూర్చుని వస్తుంటే మొదట అది వింతగా కనిపిస్తుంది. అతన్ని ఓడించాక దొరికే వస్తువు మీది వాక్యాలు చదివితే తెలుస్తుంది: ప్రాణంగా చూసుకున్న ఆ గుర్రాన్ని వదులుకోలేక, తన బరువు దాని మీద పడకుండా ఉండడానికే అతను గురుత్వాకర్షణను అదుపుచేసే విద్య నేర్చుకున్నాడు. వ్యాధితో మతి పోయి, శవాలు పీక్కుతినే స్థితికి దిగజారిన తర్వాత కూడా ఆ గుర్రం అతనితోనే ఉంది. ఈ సంగతి ఏ పాత్రా మనల్ని కూర్చోబెట్టి చెప్పదు. వెతికి చదివినవాడికి అది మనసులో నిలిచిపోతుంది.

మియజాకి తన బాల్యం గురించి చెప్పిన ఒక విషయం ఇక్కడ గుర్తుచేయదగినది. తన వయసుకు మించిన పుస్తకాలు చదువుతూ, అర్థంకాని చోట్లను తన ఊహతో పూరించుకునేవాడినని ఆయన చెప్పారు. తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్‌లో తొలిసారిగా ఇంగ్లిష్ నవలలు పట్టుకుని, సగం తెలిసీ సగం తెలియక పేజీలు తిప్పిన మా తరంవాళ్లకు ఆ ఆనందం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఇక లోపాల సంగతి. వీటిలో పెద్దది, పైన చెప్పినట్లు, విస్తీర్ణం. లిమ్‌గ్రేవ్‌లో మొదటి సమాధి గుహలోకి దిగినప్పుడు భయం వేస్తుంది. పదో గుహకు వచ్చేసరికి అవే రాతి గోడలు, అదే మీట, అదే మూసిన తలుపు, ఆ తలుపు వెనుక ఇదివరకు రెండు మూడు చోట్ల చూసిన రాతి పిల్లి విగ్రహమే ఉంటాయి. తేడా ఉంటే, ఒకటికి బదులు రెండు విగ్రహాలు ఉంటాయి. ఏ సంస్థలోనైనా కళాకారులు తీర్చిదిద్దగల జీవుల సంఖ్యకు ఒక హద్దు ఉంటుంది. నేల ఆ హద్దును దాటి పెరిగితే, చూసినవే మళ్లీ చూపించక తప్పదు. చిన్న గుహల దగ్గర దీన్ని మన్నించవచ్చు. స్టార్మ్‌వీల్ కోట అధిపతి గాడ్రిక్ విషయంలో మాత్రం నేను మన్నించలేకపోయాను. పరుల చేతులూ కాళ్లూ నరికి తన శరీరానికి అతికించుకున్న ఆ దౌర్భాగ్యుడి రూపం, అతని ప్రగల్భాలు, ఆ పోరాటం జరిగే తీరు ఈ గేమ్‌లోని అత్యుత్తమ కల్పనల్లో ఒకటి. అదే శరీరాన్ని, అవే కదలికలను, గాడ్‌ఫ్రాయ్ అనే మరో పేరుతో తర్వాత ఆల్టస్ పీఠభూమిలో ఒక చెరసాలలో నిలబెట్టారు. ఒక్కడే అనుకున్నవాడు ఇద్దరయ్యేసరికి మొదటివాడి విలువ కూడా పడిపోయింది.

రాజధాని లేన్‌డెల్ దాటిన తర్వాత ఈ నీరసం మరీ ఎక్కువ. మంచు కొండల ప్రాంతం విశాలంగా ఉంటుంది గానీ, లిమ్‌గ్రేవ్‌లో లాగా ప్రతి మలుపులోనూ ఏదో ఒకటి పిలవదు. అదే సమయంలో శత్రువుల దెబ్బలు ఒక్కసారిగా బరువెక్కుతాయి. కష్టం గురించి వ్యాసకర్త చేసిన ఫిర్యాదు ఈ చివరి మూడో వంతుకు మాత్రం వర్తిస్తుందని ఒప్పుకుంటాను. ఎందుకంటే పక్కకు వెళ్లి బలపడి రావడానికి అప్పటికి కొత్త నేల పెద్దగా మిగిలి ఉండదు. మైదానం ఇచ్చిన పరిష్కారం మైదానంతో పాటే అయిపోతుంది. కొట్టిన ప్రతి దెబ్బకూ తన గాయాలు మాన్పుకునే మలేనియాతో పోరు ఐచ్ఛికం కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

విస్తీర్ణం వల్ల కలిగిన మరో నష్టం మనుషుల కథలు చేజారిపోవడం. అలెగ్జాండర్ అని ఒక పాత్ర ఉంది. నడిచే, మాట్లాడే పెద్ద మట్టి కాగు. నేలలో ఇరుక్కుపోయి కేకలు వేస్తుంటే వెనుక నుంచి కొట్టి బయటపడేయాలి. వీరుడు కావాలన్నది అతని ఆశ. అతని ఆప్యాయత, అమాయకత్వం చూసి నేను అతని కోసం ఎదురుచూసేవాణ్ని. నేను మొదటిసారి ఆడినప్పుడు, రడాన్‌తో జరిగే యుద్ధోత్సవం తర్వాత అతను నాకు మళ్లీ కనబడలేదు. అతని కథ ముగింపు గాలిలో తేలే ఫారమ్ అజులా శిథిల నగరంలో ఉందని రెండోసారి ఆడినప్పుడే తెలిసింది. ఎవరు ఏమన్నారో, ఎక్కడికి వెళ్తామన్నారో రాసి ఉంచే దినచర్య పుస్తకం లాంటిది ఈ గేమ్‌లో లేదు. 2022 మార్చిలో వచ్చిన 1.03 ప్యాచ్ అనే సవరణతో, కలిసిన పాత్రల గుర్తులు మ్యాప్ మీద పడే ఏర్పాటు చేశారు. అది మేలే, చాలదు. రోజూ ఆడేవారికి జ్ఞాపకం ఉంటుందేమో. ఉద్యోగం, సంసారం చూసుకుంటూ వారానికి ఒక పూట కూర్చునేవాడికి పోయిన నెల ఎవరికి ఏం మాట ఇచ్చాడో ఎలా గుర్తుంటుంది? వస్తువుల వెనుక రాసిన వాక్యాలను ఊహకు వదిలేయడం కళ. పాత్ర చెప్పిన మాటను ఆడేవాడి జ్ఞాపకానికే వదిలేయడంలో నాకు కళ కనిపించలేదు.

సాంకేతిక లోపాలను మీ వ్యాసం ప్రస్తావించనే లేదు. పీసీ మీద ఈ గేమ్ విడుదలైనప్పుడు ఆగి ఆగి నడిచేది. ప్రచురణకర్తలు క్షమాపణ చెప్పి సరిచేస్తామన్నారు. ఎంత శక్తిమంతమైన పీసీ ఉన్నా సెకనుకు 60 ఫ్రేములకు (తెర మీద మారే చిత్రాలకు) మించనివ్వదు. ఒంటరిగా ఆడుతున్నా నేరుగా పాజ్ చేయడానికి వీలు లేదు. తలుపు కొట్టిన చప్పుడు వింటే ప్రాణం వదులుకోవడమో, తలుపు తీయకపోవడమో తేల్చుకోవాలి. కొరియన్, థాయ్, పోలిష్ భాషల్లో దొరికే రాతపాఠం ఒక్క భారతీయ భాషలోనూ లేదు. కథంతా చదువు మీదే ఆధారపడిన గేమ్‌కు ఇది చిన్న లోటు కాదు.

చివరగా ఒక సవరణ. 2024 జూన్ 21న వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అనుబంధ భాగాన్ని కొన్నవారు ముఖ్య కథ పూర్తిచేస్తే అందులోకి వెళ్లవచ్చని వ్యాసంలో ఉంది. అది సరికాదు. రడాన్‌ను, భూగర్భంలోని మోగ్ అనే మరో శత్రువును ఓడిస్తేనే ఆ దారి తెరుచుకుంటుంది. ఆ ఇద్దరినీ తాకకుండానే ముఖ్య కథ ముగించడం సాధ్యం కనుక, డబ్బు పెట్టి కొన్న తర్వాత దారి కనబడక తికమకపడే పాఠకులు ఉండవచ్చు. మరో సంగతి, ఆ కొత్త ప్రాంతంలో మన పాత లెవెల్ ఒక్కటే సరిపోదు. అక్కడే దొరికే స్కాడుట్రీ శకలాలను సేకరించి బలం పెంచుకోవాలి. ఈ రెండు విషయాలూ వచ్చే సంచికలో ప్రచురిస్తే కొనబోయేవారికి ఉపయోగంగా ఉంటుంది.

భవదీయుడు,
డిగ్రీ కళాశాల చరిత్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం