చెత్తబండిలోకి వెళ్తున్న అన్నం

సంపాదకులకు,

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో వృథా అయిన 105 కోట్ల టన్నుల ఆహారంలో 60 శాతం ఇళ్ల నుంచే వచ్చింది. కృష్ణా డెల్టా రైతు పండించిన బియ్యాన్ని వండి పారవేస్తే, ఆ సాగునీరు, ఎరువు, కూలీల శ్రమ, గ్యాసు ఖర్చు అన్నీ దానితోపాటే పోతాయి. పైగా అది డంపింగ్ యార్డులో గాలి తగలక కుళ్లి, భూతాపాన్ని పెంచే మీథేన్‌ను వెలువరిస్తుంది. ఆ అన్నాన్ని ప్లాస్టిక్‌తో కలగలిపి పారేసిన చెత్త సంచిని చేతులతో విడదీసే పారిశుద్ధ్య కార్మికుల అవస్థ ఈ లెక్కల్లో కనిపించదు. ఇంట్లో చద్దన్నాన్ని నామోషీగా భావించే మనమే హోటల్లో దానికి డబ్బు చెల్లిస్తున్నాం! విజయవాడ నగరపాలక సంస్థ తడి చెత్తను విడిగా సేకరించడంతో ఆగకుండా, అపార్టుమెంట్లలోనే కంపోస్టు తయారీకి శిక్షణ ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ