మన్ననూరు గేటు రాత్రి మూసే ఉండనివ్వండి

సంపాదకులకు,

ఆర్యా,

శ్రీశైలంలో తెల్లవారుజాము దర్శనం చేసుకోవాలనుకునే హైదరాబాదు భక్తులకు మన్ననూరు అటవీ చెక్‌పోస్టు అడ్డంకిగా ఉందని, రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను ఆపే పద్ధతిని ఎత్తివేయాలని కార్తీకమాసం, శివరాత్రి దగ్గరపడినప్పుడల్లా కొందరు కోరుతుంటారు. ఆ దారిన తరచుగా వెళ్లివచ్చే భక్తుడిగా ఈ కోరికతో నేను ఏకీభవించలేను.

వేకువ దర్శనం మీద మక్కువ ఎందుకో నాకు తెలియనిది కాదు. నాలుగున్నర ప్రాంతంలో మంగళవాద్యాలు మోగి, ఆ వెంటనే సుప్రభాతం వినిపించే వేళ, పాతాళగంగలో మునిగి తడి జుట్టుతోనే మాడవీధిలోకి వచ్చినవారికి మల్లన్న దర్శనంలో కలిగే తృప్తి వేరు. మామూలు రోజుల్లో ఆ వేళకు క్యూ కూడా అంతగా ఉండదు. చిక్కంతా ఆ వేళకు అక్కడికి చేరుకునే విధానంలోనే ఉంది. హైదరాబాదు నుంచి శ్రీశైలం 200 కిలోమీటర్లకు పైమాటే కనుక, గేటు తెరిచే ఉంటే పగలంతా ఉద్యోగం చేసిన మనిషి రాత్రి పదకొండింటికి పిల్లాపాపలను కారెక్కించుకుని బయలుదేరుతాడు. నిద్ర ముంచుకొచ్చే రెండు, మూడు గంటల వేళకు అతడు వటవర్లపల్లి, దోమలపెంట దాటి, ఈగలపెంట నుంచి డ్యాం వైపు దిగే ఘాట్ మలుపుల్లో ఉంటాడు. వెనక సీట్లో అందరూ నిద్రపోతుంటే స్టీరింగు పట్టుకున్నవాడొక్కడే మెలకువగా ఉండాలనుకోవడం అత్యాశ.

ఇక అడవి సంగతి. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడి, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. పులి, చిరుత, ఎలుగుబంటి, ముళ్లపంది రోడ్డు దాటేది చాలావరకు ఈ చీకటి గంటల్లోనే. హెడ్‌లైట్ల వెలుగు కళ్లలో పడిన దుప్పి పక్కకు తప్పుకోదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. ఆంధ్ర వైపు దోర్నాల దగ్గర గేటును రాత్రి మూసేదీ ఇందుకే. మన స్వామి ఈ అడవికి కొత్తవాడేమీ కాదు. ఆయనను చెంచు మల్లయ్యగా, తమ ఇంటి అల్లుడిగా కొలిచే చెంచులు ఇప్పటికీ ఈ నల్లమలలోనే ఉన్నారు. అల్లుడిని చూడటానికి వెళ్లేవాళ్లం అత్తవారి పెరట్లో అర్ధరాత్రి హారన్లు కొట్టుకుంటూ పోవడం మర్యాదా అని నాకు అనిపిస్తుంది.

నిజంగా సరిచేయవలసిన లోపం మరొకటి ఉంది. ఆరు గంటలకు ముందు మన్ననూరులో చూస్తే గేటుకు ఇవతల కార్లు బారులు తీరి ఉంటాయి. సీట్లు వెనక్కి వాల్చి కునుకు తీసే డ్రైవర్లు, టీ బండి దగ్గర తల్లి కొంగు పట్టుకుని వణుకుతున్న పిల్లలు కనిపిస్తారు. గేటు లేవగానే అప్పటిదాకా ఆగిన బండ్లన్నీ ఒక్కసారిగా అడవిలోకి దూసుకుపోతాయి. ముందున్న బండిని దాటకపోతే దర్శనం దొరకదన్నట్టుగా ఉంటుంది ఆ హడావుడి. బండ్లను కొద్దికొద్దిగా వదిలి, ప్రవేశించిన సమయం రాసిన చీటీ ఇచ్చి, అవతలి చివర మరీ ముందుగా తేలినవారికి జరిమానా వేస్తే ఈ పరుగు తగ్గుతుంది.

హైదరాబాదు–శ్రీశైలం రహదారిలో అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్ నిర్మించాలన్న ప్రతిపాదన ఉంది. అది వస్తే జంతువులకు కొంత ఊరట కలగవచ్చు గానీ, డ్రైవరు నిద్రకు అది మందు కాదు. వేకువ దర్శనం కావాలనుకునేవారు ముందురోజు సాయంత్రానికే క్షేత్రానికి చేరుకోవడమే మేలు, అందుకు వీలు కల్పించాల్సింది ఏర్పాట్లు చేసేవారు. సాయంత్రం వచ్చి మర్నాడు ఉదయం దర్శనం కాగానే తిరిగి వెళ్లే కుటుంబానికి పూర్తి రోజు అద్దె గది అవసరం లేదు. శుభ్రమైన డార్మిటరీ, సామాను పెట్టుకునే లాకరు, వేడినీళ్లు చాలు. పెద్ద గదుల సముదాయాలు కట్టేటప్పుడు వీటిని మరవకూడదు. వృద్ధులతో వచ్చేవారైతే వేకువే కావాలని పట్టుబట్టకుండా మధ్యాహ్నం దర్శనానికి వెళ్లినా పుణ్యం తగ్గిపోదు.

ఆన్‌లైన్‌లో దర్శనం టికెట్టు, గది బుక్ చేసుకునేవారిలో చాలామందికి గేటు సంగతి మన్ననూరు చేరేదాకా తెలియదు. టికెట్టు మీదే రెండు గేట్ల వేళలను తెలుగు, కన్నడ, హిందీ భాషల్లో అచ్చు వేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మీ పత్రిక కూడా కార్తీకమాసంలో ఆలయ సేవల వేళలు ప్రచురించేటప్పుడు శ్రీశైలం వరుసలో సుప్రభాతం సమయం పక్కనే మన్ననూరు, దోర్నాల గేట్లు మూసే, తెరిచే వేళలు కూడా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు,
హైదరాబాదు