వంతెన కింద ఆగమని చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన ప్రయాణ సూచనల వ్యాసం చదివాను. మందుల చీటీ, ఆరోగ్య బీమా, విమానాశ్రయంలో చక్రాల కుర్చీ గురించి రాసినదంతా పనికొచ్చేదే. రోడ్డు ప్రయాణాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, దారిలో టోర్నడో (మేఘం నుంచి నేలకు దిగే భీకరమైన సుడిగాలి) కనిపిస్తే కారును దగ్గరలోని వంతెన కింద ఆపి, వాలు ఎక్కి పైన దూలాల సందులో దాక్కోవాలని రాశారు. పక్కన బొమ్మ కూడా వేశారు. ఈ ఉత్తరం ఆ ఒక్క సలహా గురించే. దాన్ని నమ్మి పాటించినవాళ్ల ప్రాణాలు పోతాయి. ఇదివరకు పోయాయి కూడా.

నేను అమెరికా నడిమి మైదానాల్లోని కాన్సస్ రాష్ట్రంలో ఉంటాను. పొలాల్లో మట్టి నమూనాలు తీసి పరీక్షకు పంపడం నా ఉద్యోగం. ట్రక్కు వెనుక బిగించిన ఉక్కు గొట్టాన్ని నేలలోకి దింపాలి, వచ్చిన మట్టిని కాగితపు సంచిలో వేసి పొలం నంబరు రాయాలి, తర్వాతి పొలానికి కదలాలి. ఏప్రిల్, మే నెలల్లో పని ఎక్కువ. ఇక్కడ గాలివానలు ముదిరేదీ అప్పుడే. కనుచూపు మేర చెట్టు ఉండదు, గోడ ఉండదు. మధ్యాహ్నం దాకా దక్షిణం నుంచి వీచే వెచ్చని ఉక్కగాలి ఉన్నట్టుండి ఆగిపోయి, ఎదురుదిక్కు నుంచి చల్లగాలి ముఖానికి కొట్టిందంటే గొట్టం పైకి లాగేసి ట్రక్కు ఎక్కాల్సిందే. సంచి సగమే నిండిందని ఇంకో నిమిషం ఆగేవాళ్లను మా పనిలో ఎవరూ మెచ్చుకోరు.

వంతెన సలహా ఎక్కడి నుంచి వచ్చిందో ఈ ప్రాంతంలో చాలామందికి తెలుసు. 1991 ఏప్రిల్ 26న కాన్సస్‌లో ఎల్ డొరాడో దగ్గర టోల్ రోడ్డు మీద ఒక టీవీ బృందం, మరికొందరు ప్రయాణికులు వంతెన కిందికి ఎక్కి దాక్కున్నారు. టోర్నడో పక్కనుంచి వెళ్లిపోయింది, అందరూ బతికారు. ఆ వీడియోను ప్రపంచమంతా చూసింది. చూసినవాళ్లకు తెలియనిది ఏమిటంటే ఆ టోర్నడో బలహీనమైనది, పైగా నేరుగా వంతెన మీదుగా పోలేదు. ఆ వంతెన కట్టడం కూడా మామూలుది కాదు. మనిషి దూరేంత చోటు, పట్టుకోవడానికి దూలాలు ఉన్నాయి. హైవేల మీద చాలా వంతెనల కింద నున్నటి కాంక్రీటు వాలు తప్ప ఏమీ ఉండదు.

ఎనిమిదేళ్ల తర్వాత ఆ వీడియోకు మూల్యం చెల్లించాల్సి వచ్చింది. 1999 మే 3న పక్క రాష్ట్రం ఓక్లహోమాలో వరసగా టోర్నడోలు వచ్చాయి. వాటిలో బ్రిడ్జ్ క్రీక్, మూర్ పట్టణాల మీదుగా పోయిన దానిలో గాలి వేగాన్ని ట్రక్కు మీద అమర్చిన రాడార్ గంటకు సుమారు 480 కిలోమీటర్లుగా కొలిచింది. ఆ రోజు జనం ఆశ్రయం పొందిన వంతెనల్లో మూడింటి మీదుగా టోర్నడోలు పోయాయి. మూడింటి దగ్గరా ఒక్కొక్కరు చనిపోయారు. బతికినవాళ్లలో చాలామందికి తీవ్ర గాయాలయ్యాయి. ఆ తర్వాత ఇక్కడి ప్రభుత్వ వాతావరణ శాఖ, నేషనల్ వెదర్ సర్వీస్, ‘వంతెన కింద ఆగవద్దు’ అని ఏటా చెబుతూనే ఉంది. ఇన్నేళ్లయినా ఆ పాత సలహా మీ పత్రిక దాకా ప్రయాణం చేసిందంటే వీడియోకు ఉన్న బలం అర్థమవుతుంది.

ఎందుకు ప్రమాదమో కూడా చెప్పాలి, లేకపోతే ఎవరూ నమ్మరు. కాంక్రీటు కనిపిస్తే భద్రంగా అనిపించడం సహజం. నేలను ఆనుకుని గాలి కొంత నెమ్మదిస్తుంది, ఎత్తుకు పోయేకొద్దీ జోరు పెరుగుతుంది. వాలు ఎక్కి పైకి పోయామంటే ఆ జోరులోకి మనమే ఎదురు వెళ్లామన్నమాట. దానికి తోడు, కిటికీ వారగా తెరిస్తే ఆ సందులోంచి గాలి ఈలవేస్తూ దూసుకొచ్చినట్టు, వంతెన కింది ఇరుకులో గాలి ఇంకా పుంజుకుంటుంది. మనిషిని చంపేది చాలాసార్లు గాలి కూడా కాదు, అది మోసుకొచ్చే రేకులు, చెక్కలు, కంచె కమ్మీలు, గాజు పెంకులు. వంతెన కింద అవన్నీ మన మీదికే వస్తాయి. స్తంభం చాటున నిలబడితే చాలుననుకోవడానికీ లేదు. సుడి దాటే కొద్ది క్షణాల్లో గాలి దిక్కు మారిపోతుంది, ఇంతవరకు చాటు అనుకున్న వైపే ఎదురవుతుంది.

ఇంకో సంగతి. వంతెన కింద ఆగేవాళ్లు తమతోపాటు వెనకవాళ్లనూ ప్రమాదంలోకి నెడతారు. ఒక మే నెల సాయంత్రం పని ముగించుకుని ట్రక్కులో ఇంటికి వెళ్తున్నాను. నైరుతి వైపు ఆకాశం దెబ్బతగిలి కమిలిన రంగులో ఉంది. వడగళ్లు మొదలయ్యాయి. మొదట ట్రక్కు కప్పు మీద టకటకమన్నాయి, తర్వాత ఒక్కొక్కటీ సుత్తితో కొట్టినట్టు పడసాగాయి. ముందున్న వంతెన కింద బ్రేకు దీపాలన్నీ ఎర్రగా వెలిగాయి. కార్ల అద్దాలు పగలకూడదని జనం రోడ్డు వారకు కూడా పోకుండా రెండు వరసల్లోనూ ఆపేశారు. వెనక వచ్చినవాళ్లు ముందుకు పోలేరు, వెనక్కి తిరగలేరు, వడగళ్ల కింద అలాగే చిక్కుకుపోయారు. ఒకాయన కారు దిగి ఫోనులో వీడియో తీసుకుంటున్నాడు! నా అదృష్టం, బయటికి దిగే దారి వంతెనకు ఇవతలే ఉంది. అక్కడ దిగి ఆగ్నేయంగా ఉన్న చిన్న ఊళ్లోని పెట్రోలు బంకుకు చేరాను. బంకులో పనిచేసే అమ్మాయి అప్పటికే అందరినీ లోపలికి పిలిచి, కిటికీలు లేని శీతల గదిలో పాల డబ్బాల మధ్య నిలబెట్టింది. ఆ సాయంత్రం టోర్నడో నేలకు దిగలేదు. దిగి ఉంటే ఆ వంతెన దగ్గర ఏమయ్యేదో ఊహించడం నాకు ఇష్టం లేదు.

వడగళ్ల విషయం కొంచెం వివరంగా రాస్తాను, మీ వ్యాసంలో అది అసలే లేదు. ఇక్కడి మైదానాల్లో పెద్ద టోర్నడోలను పుట్టించేవి తమ చుట్టూ తాము తిరిగే భారీ ఉరుము మేఘాలు. సాధారణంగా అవి నైరుతి నుంచి ఈశాన్యానికి కదులుతాయి. పెద్ద వడగళ్లు పడే చోటు ముందు వస్తుంది, టోర్నడో దిగే చోటు తరచుగా దానికి నైరుతి అంచున, వెనక వస్తుంది. అందుకే వడగళ్లు తగ్గి, వాన తెరిపి ఇచ్చి, గాలి కుదుటపడితే గండం గడిచిందనుకోకూడదు. కార్లోంచి దిగి వడగల్లు చేతిలో పట్టుకుని ఫొటో దిగేది సరిగ్గా అప్పుడే.

దూరాన టోర్నడో కనిపిస్తే అది ఎటు పోతోందో చూడాలి. చెట్టుకో స్తంభానికో సూటిగా పెట్టి గమనిస్తే పక్కకు జరగడం తెలుస్తుంది. ఎటూ జరగకుండా అక్కడే ఉన్నట్టు కనిపిస్తూ పెద్దదవుతోందంటే అది మన వైపే వస్తోందని అర్థం. దూరం ఉండి, రోడ్డు ఖాళీగా ఉంటే, దాని దారికి అడ్డంగా పక్కకు తప్పుకుని దగ్గరలో గట్టి భవనం చేరడం మేలు. రాత్రిపూట ఈ లెక్కలేవీ సాగవు. వాన తెర చాటున టోర్నడో అసలు కనిపించకపోవచ్చు. కరెంటు తీగలు తెగినప్పుడు నేలకు దగ్గరగా వచ్చే నీలం, ఆకుపచ్చ మెరుపులే చాలాసార్లు మొదటి గుర్తు.

కారులో పారిపోవడం కూడా అన్నిసార్లూ కుదరదు. 2013 మే 20న మూర్‌లో టోర్నడో 24 మందిని బలిగొంది. పదకొండు రోజులకే, మే 31న, ఎల్ రీనో దగ్గర మరొకటి పుట్టింది. మూర్ భయం ఇంకా మనసులో ఉన్న జనం ఇళ్లు వదిలి కార్లెక్కారు, ఓక్లహోమా సిటీ చుట్టూ హైవేలు స్తంభించిపోయాయి. ఎల్ రీనో టోర్నడో వెడల్పు ఒక దశలో 4.2 కిలోమీటర్లు. అందులో చనిపోయిన ఎనిమిది మందీ వాహనాల్లో ఉన్నవాళ్లే. టోర్నడోలను ఏళ్ల తరబడి దగ్గరగా అధ్యయనం చేసిన టిమ్ సమారస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ కూడా వారిలో ఉన్నారు. అదే రాత్రి కుండపోత వానకు వరద వచ్చి, తూములో తలదాచుకున్న కొందరు కొట్టుకుపోయారు.

మరి దగ్గరలో ఏ భవనమూ లేకపోతే? ఇక్కడి అధికారులు రెండు మార్గాలు చెబుతారు, రెండూ గత్యంతరం లేనప్పుడే. ఒకటి, కారు ఆపి సీటు బెల్టు తీయకుండానే తలను కిటికీ అంచుకన్నా కిందికి వంచి, చేతులతోనో దుప్పటితోనో కప్పుకోవడం. రెండోది, రోడ్డుకన్నా బాగా పల్లంగా ఉన్న చోటు కనిపిస్తే కారుకు దూరంగా పోయి, బోర్లా పడుకుని, తల మీద చేతులు పెట్టుకోవడం. నీరు చేరుతున్న గుంటలోకి దిగకూడదు. తూముల్లోకి అసలే వద్దు.

నిజానికి ఇంతదాకా తెచ్చుకోకుండా ఉండటానికే నేను ఎక్కువ మాటలు ఖర్చు పెట్టాలి. టోర్నడోలు ఎక్కువగా మధ్యాహ్నం నుంచి రాత్రి తొలిజాము దాకా వస్తాయి. అదే వాతావరణ శాఖకు చెందిన స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ రోజూ దేశపటం మీద తీవ్రమైన గాలివానల ప్రమాదాన్ని అయిదు స్థాయుల్లో చూపిస్తుంది, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మూడో స్థాయి, ఆపైన ఉన్న ప్రాంతం గుండా పోవాల్సి వస్తే తెల్లవారుజామునే బయలుదేరి మధ్యాహ్నానికి హోటల్ చేరండి, లేదా ఒక రోజు ఆగండి. టోర్నడో ‘వాచ్’ అని ప్రకటన వస్తే పెద్ద ప్రాంతంలో కొన్ని గంటలపాటు టోర్నడో పుట్టడానికి పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయని అర్థం. ‘వార్నింగ్’ వస్తే రాడార్ మీద సుడి కనిపించింది, లేదా ఎవరో కళ్లారా చూశారు. అప్పుడు చేతిలో ఉండేది నిమిషాలే.

ఆ నిమిషాల్లో ప్రయాణికులను ముంచేది ఒక చిన్న విషయం. రేడియోలో హెచ్చరికలు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) పేర్లతో చెబుతారు. కాన్సస్‌లో 105 కౌంటీలు, ఓక్లహోమాలో 77. దారిన పోయేవాళ్లకు తాము ఏ కౌంటీలో ఉన్నారో తెలియదు, ప్రమాదం తమకేనని తెలియక పాటలు పెట్టుకుంటారు. కౌంటీ హద్దు దగ్గర రోడ్డు పక్కన పేరుతో బోర్డు ఉంటుంది. కారు నడిపేవాళ్లకు వీలుకాదు కాబట్టి పక్క సీట్లో కూర్చున్న అమ్మో నాన్నో ఆ పేరు చదివి గుర్తుపెట్టుకోవచ్చు. అంతర్రాష్ట్ర హైవేల మీద మైలు నంబర్లు కూడా చూడండి. రాష్ట్రానికి దక్షిణ హద్దు నుంచో పడమటి హద్దు నుంచో వాటి లెక్క మొదలవుతుంది. ఎన్నో మైలు నుంచి ఎన్నో మైలు దాకా ప్రమాదమో హెచ్చరికలో చాలాసార్లు చెబుతారు. సైరన్ మీద ఆశ పెట్టుకోవద్దు. అది ఊళ్లో ఆరుబయట ఉన్నవాళ్ల కోసం, అద్దాలు ఎత్తిన కారులోకి వినపడాలని లేదు.

డేరాల్లో, చక్రాల మీద కదిలే బండి ఇళ్లలో రాత్రి గడిపేవాళ్లు చేరగానే ‘గాలివాన వస్తే ఎక్కడికి పోవాలి’ అని అడిగి, వెలుతురు ఉండగానే ఆ చోటు దాకా నడిచి చూసుకోవాలి. డేరా పిడుగును కూడా ఆపలేదు. కారు ఆపుతుంది, అదీ రబ్బరు చక్రాల వల్ల కాదు, చుట్టూ ఉన్న లోహపు కప్పు కరెంటును బయటినుంచే నేలకు దింపడం వల్ల. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి రావాలి.

చివరగా నా విన్నపం. సవరణ వేసేటప్పుడు లోపలి పేజీలో మూలన కాకుండా, ఆ వ్యాసం వచ్చిన అదే ఆదివారం అనుబంధంలో, అదే చోట వేయండి. బొమ్మ మీద అడ్డగీత గీసి మళ్లీ అచ్చు వేస్తే ఇంకా మంచిది, వ్యాసం చదవనివాళ్లు కూడా బొమ్మ చూస్తారు. మీ ఇంటర్నెట్ సంచికలో ఆ వాక్యం ఈ ఉదయానికి కూడా అలాగే ఉంది. సవరణ అచ్చయ్యేదాకా ఆగకుండా ముందు దాన్ని తీసేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విచిటా, కాన్సస్