సైన్స్ ఫిక్షన్ సీరియళ్ల అభిమానుల తెలుగు సంఘం, బెంగళూరు: వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం. కిందటి ఉగాది నుంచి ఈ ఉగాది దాకా సంఘం పనుల వివరాలివి. జమాఖర్చుల ప్రతులు సర్వసభ్య సమావేశంలో అందరికీ అందుతాయి కాబట్టి వాటి జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

హాల్లో సీరియళ్లు ఎందుకు వేయడం లేదని కొందరు అడుగుతున్నారు. ఇంట్లో కట్టే ఓటీటీ చందా ఇంటివాళ్లు చూసుకోవడానికే. అదే ఎపిసోడ్‌ని సభ పెట్టి వేయాలంటే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుదారు అనుమతి కావాలి. అందుకని ఎవరింట్లో వాళ్లు చూసి, హాల్లో చర్చకు కూడే పద్ధతే కొనసాగింది.

చర్చల్లో ఎక్కువ వేడి పుట్టించింది ఎపిసోడ్ల వరుస. 'స్టార్ ట్రెక్' 1966 సెప్టెంబరు 8న మొదలైంది. దాని రెండో పైలట్‌ని, అంటే సీరియల్ మొదలవక ముందే నమూనాగా తీసిన ఎపిసోడ్‌ని, అమెరికా టీవీ చానల్ ఎన్‌బీసీ మూడో వారం వేసింది. దాంతో మొదటి వారం కనిపించిన డాక్టర్ మెకాయ్ మూడో వారానికి మాయమై వేరే డాక్టరు ప్రత్యక్షమవుతాడు, యూనిఫాంలూ మారిపోతాయి. ఏ వారం కథ ఆ వారానిదే కాబట్టి పెద్ద నష్టమేమీ లేదు. 'ఫైర్‌ఫ్లై'కి మాత్రం నష్టం జరిగింది. పాత్రలన్నిటినీ పరిచయం చేసే తొలి ఎపిసోడ్ 'సెరెనిటీ'ని ఫాక్స్ చానల్ పక్కనపెట్టి, 2002 సెప్టెంబరు 20న 'ది ట్రెయిన్ జాబ్'తో మొదలెట్టింది. ఆ పరిచయం డిసెంబరు 20న, సీరియల్ ఆగిపోయేటప్పుడు వచ్చింది. ఆ ఓడలో ఎవరు ఎందుకు ఎక్కారో అప్పుడు తెలిసి ఏం లాభం? తీసిన 14లో ప్రసారమైనవి 11. డిస్కుల్లో వరుస సరిగా ఉంది, దాన్నే అనుసరించండి. కథ ఎపిసోడ్ నుంచి ఎపిసోడ్‌కి సాగితే రచయితలు అనుకున్న వరుస, విడి కథలైతే ప్రసార వరుస: సంఘం తీర్మానం ఇది.

టీవీ సెట్టింగుల మీద పెట్టిన తరగతికి మంచి స్పందన వచ్చింది. పాత సీరియళ్ల బొమ్మ 4:3, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు; ఇప్పటి టీవీ తెరంత వెడల్పు ఉండదు. టీవీ 'ఫుల్'లో ఉంటే మొహాలు అడ్డంగా సాగుతాయి, 'జూమ్'లో ఉంటే పైనా కిందా తెగుతాయి. రెండు పక్కలా నల్లపట్టీలుంటే అది లోపం కాదు, అలాగే ఉంచండి. కదలికల్ని నునుపు చేసే ఆప్షన్‌ని (ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది) ఆపేయండి. లేకపోతే సినిమా ఫిల్ము మీద తీసింది కూడా స్టూడియో వీడియోలా కనబడుతుంది. ఐరోపా టీవీ పద్ధతి అయిన పాల్ (PAL) డిస్కుల్లో సెకనుకు 24 ఫ్రేముల ఫిల్ము 25తో నడుస్తుంది, అంటే 4 శాతం వేగం. సరిచేయకపోతే గొంతులు కాస్త సన్నబడతాయి.

'బాబిలాన్ 5' పాత డీవీడీల్లో అంతరిక్ష దృశ్యాలు ఎందుకు మసకగా ఉన్నాయన్నది తరచూ వచ్చే ప్రశ్న. నటుల దృశ్యాలు వెడల్పు తెరకు పనికొచ్చేలా తీశారు, కంప్యూటర్ గ్రాఫిక్స్ మాత్రం 4:3లోనే చేశారు. డీవీడీ కోసం ఆ గ్రాఫిక్స్‌ని పైనా కిందా కోసి పెద్దది చేశారు. 2021లో వచ్చిన 4:3 ప్రతి దీనికన్నా ఎంతో నయం, కొనేవాళ్లు అదే కొనండి. 'స్టార్ ట్రెక్' వరుసలోనిదే అయిన 'డీప్ స్పేస్ నైన్'కి ఇలాంటి భాగ్యం ఇంకా పట్టలేదు. దాని ఎఫెక్టులు వీడియో టేపు మీద కూర్చినవి, కాబట్టి ఎంత పెద్ద టీవీ కొంటే అంత మసక.

ఇక చర్చల వేళ పళ్లెంలోకి వచ్చే గ్రావ్‌లాక్స్, అంటే వండకుండా ఉప్పు, పంచదార, సోయకూరతో ఊరబెట్టిన సాల్మన్ చేప. మన చేపల అంగళ్లలో ఇండియన్ సాల్మన్ అని అమ్మేది మాగ. దాని జాతే వేరు, కూరకి భేషుగ్గా ఉంటుంది, దీనికి వద్దు. కావలసింది విదేశాల నుంచి వచ్చే అట్లాంటిక్ సాల్మన్. ఉప్పు వేసినంత మాత్రాన అందులోని పురుగులు చావవు. మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు గడ్డకట్టించాలి. ఇంటి ఫ్రీజర్లు చాలావరకు మైనస్ 18 దగ్గరే ఆగుతాయి గనుక, అలా గడ్డకట్టించిన చేపనే అడిగి కొనండి.

ఫ్రిజ్‌లోనే కరగనిచ్చిన, తోలు ఉన్న నడిముక్క కిలోకి 50 గ్రాముల ఉప్పు, 50 గ్రాముల పంచదార, దంచిన తెల్లమిరియాలు, ఇక్కడ సబ్బసిగె అని కట్టలు కట్టి అమ్మే సోయకూర. ముళ్లు పట్టకారుతో లాగేసి, మిశ్రమం పట్టించి, జిప్ సంచిలో గాలి తీసేసి, పైన కిలో బరువు పెట్టి 48 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. పూటకోసారి తిప్పాలి. ఊరిన నీళ్లు పారబోయొద్దు, ఉప్పు అంతటా సమంగా పట్టేది వాటివల్లే. ఆఖర్న తడిగుడ్డతో తుడిచి, తోలు వైపు వాల్చిన కత్తితో పల్చగా కోయాలి.

ఉప్పు చెంచాతో కొలిచినవాళ్ల ముక్కలే ప్రతిసారీ చెడుతున్నాయి. మెత్తుప్పూ కల్లుప్పూ ఒకే చెంచాకి ఒకే బరువు తూగవు, తక్కెడ తప్పదు. తోక ముక్క పల్చన కాబట్టి 24 గంటలకే తీసేయండి, లేదంటే తోలులా బిగుస్తుంది. నిమ్మరసం ముందే పిండితే పైపొర తెల్లబడి ఉడికినట్టవుతుంది. ఫ్రిజ్ తలుపు అరల్లో పెట్టొద్దు, అక్కడ చల్లదనం నిలవదు. 4 డిగ్రీలు దాటకూడదు. కరెంటు గంటలకొద్దీ పోయిన రోజైతే ఆ ముక్కని మరిచిపోండి. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. గర్భిణులకు, పెద్దవయసు వారికి ఇది వడ్డించకూడదన్న నియమం ఈ ఏడు నుంచి తప్పనిసరి చేశాం. మిగతావారికి ఆవపిండి, పంచదార, నూనె, సోయకూర కలిపిన చట్నీతో. ఆవ ఘాటు మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

వచ్చే ఏడు 1960ల 'డాక్టర్ హూ' చర్చకు తీసుకుంటున్నాం. బీబీసీ చెరిపేసిన ఎపిసోడ్లకి, అభిమానులు ఇళ్లలో రికార్డు చేసుకున్న శబ్దం మిగిలింది. దాని మీద బొమ్మలు వేసి 2016లో విడుదల చేసిన 'ది పవర్ ఆఫ్ ది డాలెక్స్'తో మొదలు. చందా బకాయిలున్నవారు సర్వసభ్య సమావేశానికి ముందే కోశాధికారికి చెల్లించగలరు. ఇల్లు మారినవారు కొత్త చిరునామా కార్యదర్శికి తెలపాలి.