ఐకాన్లు మారితే ఫార్మాట్ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

కోనసీమలోనూ, అటు పాలకొల్లు, భీమవరం వైపూ ఇళ్లలోని కంప్యూటర్లకు తరచూ వచ్చే చిక్కు ఇది. భూముల రికార్డుల వెబ్‌సైట్ మీభూమి నుంచి దించుకున్న 1బి (భూమి వివరాల పత్రం) పీడీఎఫ్‌ను నొక్కితే నోట్‌ప్యాడ్ తెరుచుకుని, మొదట ‘%పీడీఎఫ్’ అని, కింద అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. వైరస్ అనుకుని సీపీయూను బజారుకు మోసుకెళ్తే ఫార్మాట్ కొట్టి, అంటే డిస్కంతా చెరిపేసి పంపుతున్నారు. ఫొటోలూ దాంతోనే పోతున్నాయి. నిజానికి ఫైలు చెడలేదు. ఆ రకం ఫైళ్లను ఏ ప్రోగ్రామ్ తెరవాలన్న లంకె మారిందంతే.

ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ విత్’లో ‘చూజ్ అనదర్ యాప్’ నొక్కండి. సరైన ప్రోగ్రామ్ ఎంచుకున్నాక విండోస్ 10లో కింద ‘ఆల్వేస్’ గడిలో టిక్ పెట్టాలి. 11లో ‘ఆల్వేస్’ బటనే ఉంటుంది. ‘జస్ట్ వన్స్’ నొక్కితే మళ్లీ మొదటికే. పాత పుస్తకాల్లోని, ఫైళ్ల లంకెలు మార్చే ‘అసోక్’ కమాండ్‌తో కుస్తీ పట్టొద్దు. దానికన్నా యూజర్ ఎంపికదే పైచేయి.

విండోస్ 7 ఇంకా వాడే ఇళ్లలో డెస్క్‌టాప్ ఐకాన్లన్నీ ఒకేలా మారి, ఏది నొక్కినా ఒకే ప్రోగ్రామ్ వస్తుంటే, షార్ట్‌కట్ల ఎక్స్‌టెన్షన్ (ఫైలు పేరు చివర చుక్క తర్వాతి అక్షరాలు) అయిన ఎల్‌ఎన్‌కేకు ఎవరో పొరపాటున ఆ ప్రోగ్రామ్‌ను తగిలించారన్నమాట. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి ‘రెజ్‌ఎడిట్’ (విండోస్ సెట్టింగులు దాగి ఉండే రిజిస్ట్రీని మార్చే ప్రోగ్రామ్) తెరవండి. కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, ఎక్స్‌ప్లోరర్, ఫైల్‌ఎక్స్‌ట్స్ వరుసలో ఎల్‌ఎన్‌కే దగ్గరికి వెళ్లి, ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, దానిలోని ‘యూజర్‌ఛాయిస్’ ఒక్కటే తీసేయండి. లాగాఫ్ అయి మళ్లీ వస్తే చాలు. పక్కవాటి జోలికి పోవద్దు.

ప్రెస్సు నుంచి తెచ్చుకున్న శుభలేఖ కోరెల్ ఫైలు సంగతి వేరు. ఇంట్లో కోరెల్‌డ్రా గానీ, ఆ ఫైలును తెరవగల మరో ప్రోగ్రామ్ గానీ లేకపోతే లంకె ఎంత మార్చినా తెరుచుకోదు, పేరు చివర పీడీఎఫ్ అని రాసినా అది పీడీఎఫ్ అయిపోదు. ప్రెస్సువారినే పీడీఎఫ్‌గా ఇమ్మనాలి.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’లోకి వెళ్లి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ చేసి ఉంచుకోండి. ‘బిల్లు.పీడీఎఫ్’లా కనబడేది ‘బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ’ అని అప్పుడే బయటపడుతుంది. అలాంటిది పత్రం కాదు, ప్రోగ్రామ్. దాన్ని మాత్రం నొక్కొద్దు.

ఇంతా చేశాక కూడా దుకాణంలో ఫార్మాట్ తప్పదంటే, ముందు ఆ కంప్యూటర్‌లోనే కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి అదే రకం ఫైలు నొక్కి చూపించమనండి. యూజర్ ఎంచుకున్న లంకెలు ఎవరివి వారికే ఉంటాయి. అక్కడ సరిగా తెరుచుకుంటే ఫార్మాట్ అక్కర్లేదు.

– ఒక కంప్యూటర్ మెకానిక్, అమలాపురం