ఎవరి మాట నమ్మాలి అన్నావుగా

అమ్మలూ,

ఫోన్లో అయితే సగం మాటలు అటూ ఇటూ పోతాయని రాస్తున్నా. మీ ఎక్స్‌రే విభాగంలో సీనియరేమో కొంచెం రేడియేషన్ ఒంటికి మంచిదేనంటాడు, నీ ఫ్రెండేమో రవ్వంత తగిలినా క్యాన్సరేనంటుంది, మధ్యలో నీకు టెన్షన్. ఇద్దర్నీ పూర్తిగా నమ్మకు.

మనకున్న లెక్కల్లో పెద్ద భాగం హిరోషిమా, నాగసాకిల్లో బతికి బయటపడ్డవాళ్లను 1950 నుంచి గమనిస్తూ వచ్చినవే. డోసు పెరిగేకొద్దీ క్యాన్సర్లూ పెరిగాయి, అందులో పేచీ లేదు. చిక్కంతా డోసు 100 మిల్లీసీవర్టుల (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే లెక్క అది) కిందికి దిగాకే. అమెరికా నేషనల్ అకాడమీస్ కమిటీ 2006లో వేసిన లెక్క చూడు: రేడియేషన్ ఊసే లేకపోయినా అక్కడ 100 మందిలో 42 మందికి ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ వస్తుంది, ఆ 100 మందికీ తలా 100 మిల్లీసీవర్టులు తగిలితే ఇంకొక్కటి తోడవుతుంది. 42లో కలిసిపోయిన ఆ ఒక్కదాన్ని ఎలా పట్టుకుంటావు? డోసు 10కి దిగితే వెయ్యి మందిలో ఒక్కటి, అది మరీ కష్టం. అందుకని పెద్ద డోసుల దగ్గర కనిపించిన, డోసుతో పాటు క్యాన్సర్లూ పెరిగే గీతనే సున్నా దాకా తిన్నగా లాగి, రూల్సన్నీ దాని మీదే కట్టారు.

ఆ గీత తప్పనేవాళ్లు ఊరికే అనడం లేదు. చిన్న దెబ్బల్ని కణం బాగుచేసుకుంటుంది కాబట్టి గీత ముప్పును పెంచి చూపిస్తోందని ఫ్రాన్స్ సైన్స్, మెడిసిన్ అకాడమీలు 2005లోనే అన్నాయి. కేరళలో కరునాగపల్లి ఇసుకలో రేడియేషన్ వదిలే థోరియం ఉంది, అక్కడ దాదాపు 70 వేల మందిని ఏళ్ల తరబడి గమనించినా ఆ రేడియేషన్ వల్ల క్యాన్సర్లు పెరిగినట్టు కనబడలేదు, 2009లో ఫలితాలు వచ్చాయి. మీ సీనియర్ దీన్నే పట్టుకుని ఉంటాడు. కనబడకపోవడం వేరు, మంచి చేయడం వేరు కదా! పైగా ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా అణు కార్మికులు మూడు లక్షల మందిపై 2023లో వచ్చిన ఫలితం తిరగబడింది: ఏళ్ల మీద కొద్దికొద్దిగా పడిన డోసుతో కూడా క్యాన్సర్ చావులు పెరిగాయి, డోసు 100 లోపు ఉన్నవాళ్లను మాత్రమే తీసుకున్నా సరే.

నేను గీత వైపే. అదే నిజమని తేలిపోయిందని కాదు, రోజూ ఎక్స్‌రే గదిలో పనిచేసేదానివి కాబట్టి. సీసం ఆప్రాన్ లోపల, ఛాతీ మీద నీ డోసు కొలిచే బ్యాడ్జి పెట్టుకో. డ్యూటీ దిగాక దాన్ని ఎక్స్‌రే గదిలో ఆప్రాన్‌తో పాటు తగిలించి పోతే, నువ్వు ఇంట్లో పడుకున్నప్పుడు తీసిన ఫిల్ములు కూడా నీ ఖాతాలో పడతాయి.

పేషెంట్ల దగ్గర మాత్రం ఈ వాదనంతా తీయకు. పొట్ట సీటీ స్కాన్ ఒకటి దాదాపు 8 మిల్లీసీవర్టులు, అంటే ప్రకృతి నుంచి మూడేళ్లలో ఎలాగూ పడేదే. అవసరమైన స్కాన్ భయంతో మానేస్తే అసలు జబ్బే దొరకదు. 2011లో జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదమప్పుడు చుట్టుపక్కల ఆస్పత్రుల నుంచి హడావుడిగా తరలించిన ముసలి పేషెంట్లలో పదుల మంది ఆ దారిలోనో, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనో పోయారు, రేడియేషన్ వల్ల కాదు. అవసరం లేని స్కాన్ రాసుకొస్తే మాత్రం డాక్టర్ని ఒకసారి అడుగు, కొత్తదాన్నని మొహమాటపడకు.

నాన్న