వార్షిక నివేదిక: రిపోలో రిపో పెట్టుకున్న ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సమయంలో ఎక్కువ భాగం ఒక్క పనికే పోయింది. మన ప్రాజెక్టులన్నీ ఒకే ఉమ్మడి లైబ్రరీని, అంటే అన్నిటికీ పనికొచ్చే కోడ్ కట్టను, వాడతాయి. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లం దాన్ని కాపీ చేసుకుని పెట్టుకున్నాం. ఒకచోట సరిచేసిన తప్పు మరోచోట అలాగే ఉండిపోయేది. ఆ కాపీలన్నీ తీసేసి, లైబ్రరీని గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) సబ్‌మాడ్యూల్‌గా మార్చాం. అంటే ఒక రిపో (గిట్ చరిత్ర దాచే ప్రాజెక్టు ఫోల్డర్) లోపల ఇంకో రిపోను పెట్టడం.

సబ్‌మాడ్యూల్ 2007లో, 1.5.3 వెర్షన్‌తోనే గిట్‌లోకి వచ్చింది. అయినా తికమక పెడుతూనే ఉంది. బయటి రిపో లోపలి రిపోలోని ఫైళ్లను దాచుకోదు. "లోపల ఫలానా కమిట్ (గిట్‌లో భద్రపరిచిన కోడ్ స్థితి) ఉండాలి" అని ఒక నంబరు మాత్రం రాసుకుంటుంది. లోపలి రిపో అడ్రస్ డాట్ గిట్‌మాడ్యూల్స్ ఫైల్లో ఉంటుంది. కొత్త సభ్యులు మామూలుగా క్లోన్ చేసి (సర్వర్ నుంచి రిపో కాపీ తెచ్చుకుని), లైబ్రరీ ఫోల్డర్ ఖాళీగా ఉందని కంగారు పడింది ఇందుకే. రికర్స్ సబ్‌మాడ్యూల్స్ ఆప్షన్‌తో క్లోన్ చేయాలని ఇప్పుడు ప్రతి ప్రాజెక్టు రీడ్‌మీలో (పరిచయ ఫైల్లో) మొదటి వరుసలోనే రాశాం.

ఒక పొరపాటు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది నాదే. ఒక సాయంత్రం లైబ్రరీలో తేదీలు చదివే ఫంక్షన్ సరిచేసి కమిట్ చేశాను. బయటి రిపోలోనూ కమిట్ చేసి, దాన్ని మాత్రమే పుష్ చేశాను (సర్వర్‌కు పంపాను). నా దగ్గర అంతా బాగానే నడిచింది. మిగతావాళ్లకు మాత్రం "నాట్ అవర్ రెఫ్" అని ఎర్రర్. వాళ్ల గిట్ వెతుకుతున్న కమిట్ నా ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేదు. పైగా ఈలోగా నేను వేరే బ్రాంచ్‌కి (పని విడిగా సాగే శాఖకి) మారి సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ కమాండ్ కొట్టాను. అప్‌డేట్ చేశాక లోపలి రిపో ఏ బ్రాంచ్ మీదా ఉండదు కాబట్టి, నా మార్పు కనబడకుండా పోయింది. చాలా టెన్షన్ పడ్డాను. చివరికి బయటి రిపోలో రాసి ఉన్న ఆ 40 అక్షరాల నంబరే దారి చూపింది. లోపలికి వెళ్లి, ఆ నంబరు మీద ఒక బ్రాంచ్ పెట్టి పుష్ చేస్తే అందరి పనీ కదిలింది.

ఆ తర్వాత కార్యవర్గం ఒక నియమం పెట్టింది: ముందు లోపలిది పుష్, తర్వాతే బయటిది. పుష్ రికర్స్ సబ్‌మాడ్యూల్స్ సెట్టింగ్‌కు "చెక్" అని పెట్టుకుంటే, లోపలి కమిట్ సర్వర్‌కు చేరనప్పుడు గిట్ బయటి పుష్‌ను ఆపేస్తుంది. ఇది ఇంకా పెట్టుకోనివాళ్లు దయచేసి ఈరోజే పెట్టుకోండి.

సబ్‌మాడ్యూల్‌కు బదులు గిట్‌లోని మరో పద్ధతి సబ్‌ట్రీ వాడదామని కొందరు సభ్యులు గట్టిగా వాదించారు. అందులో కోడ్ మొత్తం బయటి రిపోలోకే వచ్చేస్తుంది కాబట్టి క్లోన్ చేసేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. కానీ మనం చేసిన మార్పులను మళ్లీ మూల రిపోకు పంపడం శ్రమ. మన లైబ్రరీ తరచూ మారుతుంది. అందుకే సబ్‌మాడ్యూల్‌కే ఓటేశాం. ఎప్పుడో గానీ మారని ఫాంట్ల ఫోల్డర్‌ను మాత్రం సబ్‌ట్రీగా ఉంచాం.

పాత గిట్ వాడుతున్నవాళ్లకు ఒక మాట. హానికరమైన డాట్ గిట్‌మాడ్యూల్స్ ఫైల్ ద్వారా మన కంప్యూటర్‌లో వేరేవాళ్ల కోడ్ నడిచే లోపాన్ని 2018లో, 2.17.1 వెర్షన్‌లో సరిచేశారు. వెంటనే అప్‌డేట్ చేసుకోండి.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. సబ్‌మాడ్యూల్ లోపల మళ్లీ సబ్‌మాడ్యూల్ ఉన్న ప్రాజెక్టు ఒకటి ఇంకా మిగిలింది. దాన్ని విడదీసే పనికి ఇద్దరు సభ్యులు కావాలి. ముందుకొచ్చేవాళ్లు నాకు చెప్పండి.

– కార్యదర్శి